మబేలాలో వేడి పూరీ

మబేలా, ఒమాన్,
శుక్రవారం సాయంత్రం, అసర్ నమాజు తర్వాత.

మాజిద్ నాన్నగారికి,

అస్సలాము అలైకుమ్. బడి వదిలిపెట్టాక నేను ఇంత పొడుగు ఉత్తరం ఎవరికీ రాయలేదు. ఇప్పుడు కలం పట్టడానికి కారణం మీ గదిలో మీతోపాటు ఉంటున్న సైఫ్ గారే. వైద్యశాలవాళ్ళు సాయంత్రం కాసేపే ఫోను చేతికిస్తారు కదా, ఆ కాసేపట్లో మీరు నేను రికార్డు చేసి పంపిన మాటలన్నీ స్పీకరు పెట్టి వింటారు. పోయినవారం అత్తయ్య పెట్టె సంగతి నేను గొంతు తగ్గించి చెబితే, మీ జవాబు చివర ఆయన గొంతు వినిపించింది. "చెల్లెమ్మా, తాళానికి కాస్త నూనె పోసి చూడమ్మా, ఇక్కడ మా నడుములకు అదే పోస్తున్నారు" అన్నారు. ఆయన మంచివారే, అల్లా ఆయన మోకాళ్ళు బాగు చేయాలి. కానీ ఈసారి నేను చెప్పేది ఆయన వినకూడదు. పోనీ నేరుగా మాట్లాడదామంటే నేను ఫోను తీయగానే అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చుంటారు. అందుకని గది తలుపు వేసుకుని, మన అమ్మాయి షమ్సా నోటుపుస్తకంలో కాగితాలు చింపుకుని రాస్తున్నాను. ఎదురింటి హుమైద్ గారి అల్లుడు ఆదివారం కొచ్చి వస్తున్నాడు, అతని చేతికిస్తాను. ఈలోగా హుమైద్ గారి నోటి నుంచి ఏదైనా మీ చెవిన పడి ఉంటే, ముందు ఇది చివరిదాకా చదవండి. కోపం తెచ్చుకోవాలనుకుంటే ఆ తర్వాత తెచ్చుకోండి.

అల్లా దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. మీరు వంగి చెప్పులు తొడుక్కోగలుగుతున్నారని రాసినప్పటి నుంచి నా మనసు తేలికపడింది. ప్రతి నమాజులోనూ మీ నడుము కోసం దువా చేస్తున్నాను. షమ్సాకు పరీక్షలు నడుస్తున్నాయి. చదువుతోందో, పుస్తకం ముందు పెట్టుకుని ఫోను చూస్తోందో నాకు తెలియడం లేదు కానీ, మార్కులు మాత్రం వస్తున్నాయి. మనవాడు మాజిద్ సోహార్ నుంచి ఫోను చేశాడు, కోడలికి జలుబు తగ్గిందట. మీరు గేటు పక్కన నాటిన రెండు ఖర్జూరం మొక్కల్లో ఒకటి నిలబడింది. రెండోదాని సంగతి మీరు వచ్చాక మాట్లాడుకుందాం. వంటింటి కొళాయి బాగు చేయించావా అని అడిగారు. చేయించాను. నిజానికి ఈ ఉత్తరంలో రాయబోయేదంతా ఆ కొళాయి వల్లే జరిగింది.

పొద్దునా సాయంత్రం గంజే పోస్తున్నారని, దానితో కాస్త పెసలు తప్ప ఏమీ పెట్టడం లేదని మీరు రాసింది నేను అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటారనుకున్నాను. నవ్వారు. "ఇండియాకు వెళ్ళి ఇండియా తిండి దొరకనివాడు నా కొడుకొక్కడే అయి ఉంటాడు" అన్నారు. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచివచ్చింది, ఎందుకంటే మనం ఈ కొత్త ఇంట్లోకి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

మీరు ఆఖరున అడిగిన ప్రశ్న, అమ్మ పెట్టె విప్పిందా అని. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

మీకు తెలుసు కదా, మత్రాలోని మన పాత ఇంట్లోంచి సామాను తెచ్చి దింపినప్పుడు ఆవిడ మందూసు పెట్టెకు కట్టిన తాడు అలాగే ఉండిపోయింది. ఇత్తడి మేకులు కూడా తుడవనివ్వలేదు. బట్టలు ప్లాస్టిక్ సంచిలోంచి తీసుకుని, ఉతికాక మళ్ళీ ఆ సంచిలోనే పెట్టుకునేవారు, ఏదో చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగా. మీరు విమానం ఎక్కిన మర్నాడే నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"జువైనా, ఇది ఊరా? గోడలున్నాయి, మనుషులు లేరు. కిటికీ తీస్తే ఇంకో కిటికీ కనబడుతుంది. కింద పూరీలు వేసేవాడు లేకుండా పైన మేడ ఎందుకు కట్టాడు నీ మొగుడు?"

"ఇక్కడా హోటళ్ళున్నాయి అత్తయ్యా. వెతుకుదాం."

"వెతుకు. రంజాన్ లోపల నోట పెట్టుకోదగ్గ పూరీ దొరికిందా, ఉంటాను. దొరకలేదా, నస్రా కారు వేసుకుని వస్తుంది, నా పెట్టె ఎక్కించుకుంటుంది. తాడు కూడా విప్పక్కర్లేదు."

నేను సరేనన్నాను గానీ ఆవిడ నిజంగానే వెళ్ళిపోతారని భయపడ్డాను. మీ చెల్లెలు నస్రా మత్రా ఇంట్లోనే ఉంది, ఆవిడ గదీ అలాగే ఉంది, కిటికీ కింద నరోత్తం గారి పూరీల కొట్టూ అలాగే ఉంది. పిలిస్తే అక్కడికి వెళ్ళడానికి ఆవిడకు ఏ అడ్డూ లేదు. ఆవిడను వదులుకోలేనిది నేనే. మా అమ్మ నేను బడిలో ఉండగానే పోయింది. ఇన్నేళ్ళుగా తెల్లవారుజామున ఫజర్ నమాజుకు నన్ను లేపేది అలారం కాదు, పక్క గదిలో ఆవిడ దగ్గు. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు, మీతో కూడా అనలేదు. మన ఇంట్లో ఇలాంటివి పైకి చెప్పుకోం కదా.

అలా శుక్రవారం పొద్దున్నే వెతుకులాట మొదలైంది. ముందు సీట్లో అత్తయ్య, వెనక సీట్లో ఫోను పట్టుకుని షమ్సా. ఒక్కో హోటలు ముందు కారు ఆపడం, హారన్ కొట్టడం, మనిషి వస్తే పూరీ చెప్పడం. నాకు హారన్ కొట్టడానికి చెయ్యి రాదని మీరు ఎప్పుడూ వెక్కిరిస్తారు. ఇప్పుడూ రాలేదు. లోపల పనిలో ఉన్న మనిషిని అలా పీ పీ మని పిలవడం నాకు ఎలాగో ఉంటుంది. నేను వేలితో మెల్లగా నొక్కితే అది మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. అత్తయ్య నా వైపు ఒకసారి చూసి, ఒంటిచేత్తో స్టీరింగు చక్రం మీద వాలారు. మబేలా అంతా లేచింది. పక్క మసీదు ముందు నిలబడ్డ పావురాలు కూడా లేచాయి.

"వాళ్ళను పిలుస్తున్నావా, క్షమించమంటున్నావా?" అన్నారు నాతో.

కూడలి దగ్గర హోటల్లో పూరీ అడిగితే, దానిలో చీజు రాసి, ఆలుగడ్డ చిప్సు నలిపి వేసి, చుట్టి తెచ్చారు. మన పిల్లలు పరాఠా అలా తింటారు కాబట్టి మనమంతా అలాగే తింటామని వాళ్ళ నమ్మకం. అత్తయ్య దాన్ని విప్పి చూసి, మళ్ళీ చుట్టి, షమ్సా చేతిలో పెట్టారు. "ఇది పూరీ కాదే, పూరీకి జరిగిన ప్రమాదం" అన్నారు. పెట్రోలు బంకు పక్కన మరోచోట మూతపెట్టిన రేకు డబ్బాలో ఇచ్చారు. మూత తీస్తే లోపల చెమట పట్టి, పూరీలు ఒకదాన్నొకటి కరచుకుని ఉన్నాయి. "పాపం, స్నానం చేయించి పంపారు. తల తుడవడం మరిచిపోయారు" అన్నారు ఆవిడ.

షమ్సా ఫోనులో చూసి ఒక పెద్ద అద్దాల హోటలుకు తీసుకెళ్ళింది.

"దీనికి నాలుగున్నర నక్షత్రాలున్నాయి నానమ్మా."

"ఎవరిచ్చారే?"

"తిన్నవాళ్ళే."

"మత్రాలో పూరీ తిన్నవాళ్ళా?"

షమ్సా ఫోను ఒళ్ళో పెట్టేసింది. అక్కడి మనిషి కోటు వేసుకుని వచ్చి, కారు కిటికీలోకి వంగి మాట్లాడి, ఒక అందమైన డబ్బా తెచ్చి ఇచ్చాడు. ఆలూ కూర తియ్యగా ఉంది. ఎందుకని అడిగితే, ఒమానీ కుటుంబాలకు కారం పడదని మా వంటవాడు పంచదార వేస్తాడు అన్నాడు. అత్తయ్య ఆ మనిషితో మత్రా సందుల్లో గుజరాతీ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో ఏం అన్నారో నాకు పూర్తిగా అర్థం కాలేదు. అతని ముఖం మాత్రం ఎర్రబడింది. తిరుగుదారిలో, "వాడికి మన కారు నెంబరు కనిపించింది జువైనా, మనం కనిపించలేదు" అన్నారు.

వారాలు గడిచాయి. ప్రతి శుక్రవారం ఇంటికి వచ్చాక ఆవిడ నేరుగా గదిలోకి వెళ్ళి, పెట్టె తాడు బిగువుగా ఉందో లేదో చేత్తో చూసుకునేవారు. నాకు వినబడాలని కాబోలు, తలుపు తెరిచే ఉంచేవారు.

ఇప్పుడు కొళాయి సంగతి. వంటింట్లో నీళ్ళు కారడం ఎక్కువై, దానిలో వేసే రబ్బరు బిళ్ళ కొనడానికి ఒక పొద్దున సిమెంటు, ఇటుకలు అమ్మే కొట్ల వెనక సందులోకి వెళ్ళాను. ఆ వరసలో చివర ఒక చిన్న ఉడుపి హోటలు ఉంది. శాకాహారమే, కాబట్టి మాంసం ఎలాంటిదో అని దిగులు లేదు. ఎందుకైనా మంచిదని కారు ఆపాను. హారన్ కొట్టడానికి పక్కన అత్తయ్య లేరు. నేను మేకపిల్లలా రెండుసార్లు అరిపించాను. ఎవరూ రాలేదు. ఎండ ఎక్కుతోంది. చివరికి దిగి గుమ్మం దాకా నడిచాను, ఊరికే చెప్పి వచ్చేద్దామని.

గుమ్మంలో నిలబడితే బాండీ కనిపిస్తుంది. నేను చూస్తుండగానే పూరీ నూనెలో మునిగి, తేలి, ఒక్కసారి బుగ్గలు పూరించుకుంది. దాన్ని తీసి, రంగులు వేసే పనివాళ్ళిద్దరు కూర్చున్న బల్ల మీద పెట్టారు. అందులో ఒకాయన వేలితో పొడిచాడు. సన్నగా పొగ లేచింది. ఆయన ఆగలేదు, నోట్లో పెట్టుకున్నాడు, కాలింది, అయినా ఉమ్మలేదు.

నేను పార్సిల్ కట్టించుకుని కారులోకి వచ్చి విప్పాను. గుమ్మం నుంచి కారుకు ఎంత దూరం? మన హాలు పొడుగు కూడా ఉండదు. అయినా కాగితంలో ఆ పూరీకి ఊపిరి పోయి, తడిసిన జేబురుమాలులా పడి ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. మత్రాలో బాండీ కిటికీ కిందే ఉండేది. అత్తయ్య బుట్ట దింపేవారు, నరోత్తం గారు నూనెలోంచి తీసి తీయగానే అందులో పెట్టేవారు, ఆవిడ గబగబా తాడు లాగేవారు. ఇక్కడ మనం మబేలా హోటళ్ళన్నిటినీ కారులో కూర్చుని తీర్పు చెప్పాం. ఆ పంచదార మనిషిని వదిలేస్తే, మిగతావాళ్ళలో ఎవరి పూరీ ఎలా ఉంటుందో మనకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు చేసింది మనం తినలేదు, మన కారు చేసింది తిన్నాం.

ఆ తర్వాత ఆ పొద్దున నేను ఇంకొక పని చేశాను. అదీ రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

పోయిన శుక్రవారానికి ముందు రాత్రి రెండు రకాతులు నమాజు చేసి, ఏది మంచిదో చూపించమని అల్లాను అడిగాను. పొద్దున్నే అత్తయ్యను ఆ సందులోకి తీసుకెళ్ళాను. షమ్సా చదువుకుంటానని రాలేదు, మేమిద్దరమే. నేను కారు ఆపి తాళం తీసేశాను.

"కొట్టు హారన్."

"వద్దు అత్తయ్యా. లోపలికి వెళ్దాం."

"ఎవరు, మనమా?"

"మనమే."

"నీకు ఎండదెబ్బ గానీ తగిలిందా? మన ఇంటి ఆడవాళ్ళు హోటల్లో కూర్చుని తినడమా? మీ మామగారు సమాధిలో లేచి కూర్చుంటారు."

"కుటుంబాలకు వేరే గది ఉంటుంది కదా, తెర వేసి."

"ఉందా ఇక్కడ?"

"ఉంది గానీ దాన్నిండా ఉల్లిపాయల బస్తాలున్నాయి."

ఆవిడ మెల్లగా తల తిప్పి నన్ను చూశారు. "లోపల బస్తాలున్నాయని నీకెలా తెలుసు?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాల్సిన పనీ పడలేదు. "నేను లోపల కూర్చున్నాను అత్తయ్యా" అన్నాను.

మాజిద్ నాన్నగారూ, నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. మన పెళ్ళైన కొత్తలో నిజ్వా వెళ్ళినప్పుడు, దారిలో నేను హోటలు వైపు చూస్తే, మన ఇంటి ఆడవాళ్ళు బజారు బల్ల మీద కూర్చుని తినరు అన్నారు మీరు. అరిచి చెప్పలేదు, మామూలుగానే చెప్పారు, నేను మామూలుగానే విన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట దాటలేదు. ఆ పొద్దున దాటాను. కారులో చచ్చిన పూరీని చూసుకుంటూ కూర్చుంటే, గల్లా దగ్గర ఉండే వారిజ అనే ఆవిడ బయటికి వచ్చింది. హోటలు ఆవిడా ఆవిడ భర్తా నడుపుతారు. ఆవిడ మాట్లాడేది నాలుగు ముక్కల అరబ్బీ. "ఎండలో ఎందుకు? లోపల కూర్చో" అంది. కారులో తింటానన్నాను. "ఆకలి కారుకా, నీకా?" అంది. కారు దిగి వెళ్ళాను. గోడ పక్క బల్ల దగ్గర, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. బిస్మిల్లా అనుకుని తిన్నాను. ఆ రోజే కాదు, మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. అత్తయ్యను తీసుకెళ్ళే ముందు బాగా చూసుకోవాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మూడోసారి వెళ్ళింది మాత్రం చూసుకోవడానికి కాదు, తినడానికే.

అత్తయ్య చేతికర్ర ఒళ్ళోకి లాక్కున్నారు. కారులో వేడి పెరుగుతోంది.

"ఒక్కదానివేనా?"

"అవును."

"ఎన్ని తిన్నావు?"

"నాలుగు."

"నాలుగా!"

"నాకు తెలియదు అత్తయ్యా. పూరీ అంటే ఇలా ఉంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు."

"నన్ను ఇంట్లో ఎండు రొట్టెతో వదిలేసి, నువ్వు నాలుగు లాగించి వచ్చి, సాయంత్రం నా పక్కన కూర్చుని ఖురాను చదివావన్నమాట!" అంటూ ఆవిడ కారు తలుపు తెరిచేశారు. నేను అటు వైపు వెళ్ళి చెయ్యి అందించేలోపే చేతికర్రతో గుమ్మం ఎక్కేశారు.

లోపల పనివాళ్ళు మమ్మల్ని చూసి పక్కకు జరిగారు. ఎవరూ తేరిపార చూడలేదు. ఒక పెద్దాయన లేచి పంకా మా వైపు తిప్పి, మళ్ళీ తన పళ్ళెం ముందు కూర్చున్నాడు. గోడ పక్క బల్లకు రెండే కుర్చీలు. ఇంట్లో అందరం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుంటాం, పక్కపక్కన, పిల్లలకు కలిపి పెడుతూ. అత్తయ్యా నేనూ ఇలా ఎదురెదురుగా, మధ్యలో ఎవరూ లేకుండా, ఎప్పుడూ కూర్చోలేదు. ఎక్కడ చూడాలో తెలియక నేను ఉప్పు డబ్బా చూస్తూ కూర్చున్నాను.

పూరీలు వచ్చాయి. ఆవిడ పొడిచారు, పొగ వచ్చింది. ఒక ముక్క తుంచి, కూర అద్దుకుని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"సోంపు లేదు. ఆవాలు ఎక్కువయ్యాయి. కరివేపాకు ఎవడు వేయమన్నాడు? నరోత్తం కూరలో సగానికి కూడా రాదు" అన్నారు. తర్వాత కళ్ళు తెరిచి, బాండీ వైపు తిరిగి, "ఇంకో రెండు తీసుకురా నాయనా!" అని హిందీలో కేక వేశారు.

సరిగ్గా అప్పుడే హుమైద్ గారు పార్సిల్ కోసం లోపలికి వచ్చారు. మమ్మల్ని చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నేను తలవంచుకున్నాను. అత్తయ్య వంచలేదు.

"ఏం హుమైద్, పెద్దమ్మకు సలాం చెప్పవా? మీ ఆవిడకా పార్సిల్? పట్టుకెళ్ళు, పట్టుకెళ్ళు. కానీ పరుగెత్తు. నడిచావంటే అట్ట తినిపించినవాడివవుతావు."

ఆయన నిజంగానే వేగంగా వెళ్ళారు. మీకు ఏం చెప్పి ఉంటారో ఏమో, ఆ రోజు జరిగింది మాత్రం ఇదీ.

ఆయన వెళ్ళాక ఆవిడ తన పళ్ళెంలోంచి ఒక పూరీ తీసి నా పళ్ళెంలో వేశారు. "తిను. ఇప్పుడైనా వేడిగా తిను" అన్నారు.

"ఇప్పుడైనా" అన్నది ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగాను.

"మత్రాలో బుట్టలో ఎన్ని పళ్ళేలు వచ్చేవి?"

"రెండు."

"రెండోది ఎవరు తినేవారు?"

"నేనే అత్తయ్యా. మీరు వదిలేస్తే."

ఆ రెండో పళ్ళెం మీకు గుర్తుందో లేదో. శుక్రవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ అన్నం, మాంసం వండాలి కాబట్టి నేను పొద్దుటి నుంచీ వంటింట్లోనే ఉండేదాన్ని. పని అయ్యాక కిటికీ దగ్గరికి వెళితే ఆవిడ పక్కన ఒక పళ్ళెం మూతపెట్టి ఉండేది. ఆవిడకు కళ్ళ ఆశ ఎక్కువ, కడుపు చిన్నది, అందుకే మిగిలిపోతోంది అనుకునేదాన్ని. చల్లారిన పూరీ మీద నాకు ఇష్టమేమీ లేదు. పారేస్తే పాపమని తినేదాన్ని.

"వదిలేశానా?" అన్నారు ఆవిడ. "నీకని తెప్పించేదాన్ని పిల్లా. నువ్వు ఈ ఇంటికి కోడలుగా వచ్చిన వారం నుంచీ. తాడు లాగి, జువైనా అని పిలిస్తే, వస్తున్నా అత్తయ్యా అనేదానివి. నీ గొంతు వినబడేది, నువ్వు కనబడేదానివి కావు. చల్లారిపోయేది. వచ్చి, నిలబడి, మందు మింగినట్టు మింగి వెళ్ళిపోయేదానివి. నీకు పూరీ నచ్చదేమో అనుకున్నాను."

"మరి మళ్ళీ మళ్ళీ ఎందుకు తెప్పించారు?"

"ఒక్క శుక్రవారమైనా వచ్చి కూర్చుంటావేమోనని."

నోట్లో పూరీ ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి. మిరపకాయ కొరికానని చెప్పాను. "ఆ కూరలో మిరపకాయ ఎక్కడుంది? వండినవాడికి చెబితే సంతోషపడతాడు" అన్నారు ఆవిడ. అని, నవ్వారు. నేనూ నవ్వాను. పంకా తిప్పిన పెద్దాయన మా వైపు చూడకుండానే నవ్వాడు.

ఇది పోయిన శుక్రవారం మాట. అయినా ఇంటికి వచ్చాక ఆవిడ పెట్టె తాడు విప్పలేదు. నేనూ అడగలేదు. రంజాన్ ముందు ఇదే ఆఖరి శుక్రవారం, నస్రా వస్తానన్నది ఇవాళే. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. పక్క గదిలో దగ్గు వింటూ పడుకున్నాను.

పొద్దున నస్రా ఫోను చేసి బయలుదేరానంటే అత్తయ్య ఫోను లాక్కున్నారు. "ఇంటికి కాదు, హోటలుకి రా" అని దారి చెప్పారు. మేమిద్దరం ముందే వెళ్ళి కూర్చున్నాం. వారిజ ఉల్లిపాయల బస్తాలు తీయించి, కుటుంబాల గదికి కొత్త పూల తెర కట్టించింది. చూపించి మురిసిపోయింది. అత్తయ్య గది చూసి, వారిజ తల నిమిరి, "చాలా బాగుందమ్మా. మేం ఇక్కడే కూర్చుంటాం. అక్కడి నుంచి బాండీ కనబడదు" అని గోడ పక్క బల్లకే వచ్చేశారు.

కాసేపటికి బయట హారన్ మోగింది. ఒకసారి, రెండుసార్లు, ఆగకుండా. నస్రానే. అత్తయ్య కదలలేదు. చివరికి నస్రా దిగి, గుమ్మంలోంచి తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా! మగవాళ్ళ మధ్య కూర్చున్నావేంటి? వదినా, నువ్వైనా చెప్పొద్దూ?"

"వాళ్ళ చూపు పూరీ మీద ఉందే, నీ మీద లేదు. కుర్చీ లాక్కో."

నస్రా కూర్చుంది. మొదట చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తినను గాక తినను అంది. రెండో పూరీకి సంచి కింద పెట్టింది. మూడోదానికి ముఖం కడుక్కున్నంత హాయిగా నిట్టూర్చి, "కానీ అమ్మా, నిజం చెప్పు, మన మత్రా పూరీయే బాగుంటుంది కదూ?" అంది.

"బాగుంటుంది. ఎందుకుండదు?" అన్నారు అత్తయ్య.

"మరి పద, పెట్టె ఎక్కిద్దాం."

అత్తయ్య చేతులు తుడుచుకున్నారు. "పద" అన్నారు. ఇంటికి ఎలా కారు నడిపానో అల్లాకే తెలుసు.

ఇంటికి రాగానే ఆవిడ తన గదిలోకి వెళ్ళి షమ్సాను కత్తెర తెమ్మన్నారు. తాడు కోయించారు. మొలలో దోపుకున్న తాళంచెవితో ఆవిడే తాళం తీశారు. సైఫ్ గారి నూనె అవసరం పడలేదు. పైన మామగారి తలపాగా గుడ్డ, దాని కింద సాంబ్రాణి మూట, ఆవిడ పెళ్ళి దుస్తులు, అన్నిటికీ అడుగున ఆ బుట్ట. మత్రా కిటికీ బుట్ట, చుట్టచుట్టిన తాడుతో సహా. ఇన్ని నెలలూ దాన్ని తన గదిలో, పెట్టె అడుగున దాచుకున్నారు, తిరిగి వెళ్ళగానే కిటికీలోంచి దింపుకోవాలని.

దాన్ని తీసి, దుమ్ము దులిపి, నస్రా చేతిలో పెట్టారు.

"కిటికీ నీ దగ్గరుంది. బుట్ట నాకెందుకు? తీసుకెళ్ళు. ఒక్కటే పళ్ళెం తెప్పించుకోకు. నీ కోడలికి కూడా తెప్పించు. వంటింట్లోంచి రాకపోతే చెయ్యి పట్టుకుని లాక్కురా. నాలాగా పిలుస్తూ కూర్చోకు."

నస్రా ఆ బుట్ట ముందు సీట్లో పెట్టుకుని మత్రా వెళ్ళిపోయింది. అత్తయ్య బట్టలన్నీ నేనూ షమ్సా బీరువాలో సర్దాం. ప్లాస్టిక్ సంచి పారేశాను. ఇప్పుడు ఆవిడ మందూసు మీద ఇత్తడి మేకులు నిమ్మచెక్కతో తోముతున్నారు, గరగరమని ఇక్కడికి వినిపిస్తోంది. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. పెట్టె విప్పారు. అల్హమ్దులిల్లాహ్.

ఇక నా సంగతి. మీ మాట దాటినందుకు మీరు ఏమన్నా వింటాను. ఇక మీదట వెళ్ళొద్దంటే నేను ఆగిపోతాను. కానీ మీ అమ్మగారిని ఆపడం మీరు వచ్చి మీరే చేయాలి, నా వల్ల కాదు. ఆవిడ ఇప్పటికే పండగ తర్వాత మొదటి శుక్రవారానికి వారిజకు మాట ఇచ్చేశారు. మీరూ రావాలట. "వాడు కారులోనే కూర్చుంటానంటే కూర్చోనీ. వాడికి పార్సిల్ కట్టించి పంపుదాం. చల్లారనిచ్చి పంపుదాం" అంటున్నారు. మీరు దిగి వస్తే మూడో కుర్చీ నేను అడిగి ఉంచుతాను. వస్తారని నా ఆశ.

గంజి వదలకుండా తాగండి. వైద్యులు చెప్పినట్టే వినండి. మీకు అరిగే రోజు వచ్చేసరికి ఇక్కడ బాండీ వేడిగానే ఉంటుంది.

ఒక్క మాట. ఈ కాగితాలు చింపకండి, మీ పెట్టెలో బట్టల అడుగున దాచండి, ఎవరికీ చూపించకండి. సైఫ్ గారికి అసలే వద్దు. ఇంటికి తెచ్చాక అత్తయ్య కంట కూడా పడనివ్వకండి. రెండో పళ్ళెం సంగతి వాడికి చెప్పకు, కోడలి కోసం ఎదురుచూసిందని నవ్వుతాడు అన్నారు ఆవిడ. చెప్పనని మాట ఇచ్చాను. నోటితో చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదని అనుకుంటున్నాను.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూస్తున్న
మాజిద్ అమ్మ,
జువైనా